ఇనప పెనం, ఇనప మూకుడు: కొన్న రోజు నుంచి తుప్పు వదిలించే దాకా

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు తెలుగు ఇళ్లలో పాత్రల అల్మరా తెరిస్తే అడుగున బరువైన పెనం ఒకటి, నల్లటి మూకుడు ఒకటి తప్పకుండా కనబడతాయి. పైన వరసలో ఉన్న నాన్‌స్టిక్ పెనాలు పూత లేచి తుక్కులోకి పోతూ ఉంటాయి, కొత్తవి వస్తూ ఉంటాయి. అడుగునున్న ఇనుము మాత్రం అలాగే ఉంటుంది. కారణం ఒకటే. నాన్‌స్టిక్ పూతను ఫ్యాక్టరీ వేస్తుంది, పోతే మన చేతుల్లో ఏమీ ఉండదు. ఇనుము మీది పూతను మనమే వేస్తాం, చెడితే మనమే గీకేసి మళ్లీ వేసుకుంటాం. చెడేది ఎప్పుడూ ఆ పొరే, లోపలి లోహం కాదు. తుప్పు, జిడ్డు, మాడు, పెచ్చులు అన్నిటికీ ఇంట్లోనే మందుంది. పగులుకు మాత్రం లేదు.

ఈ మార్గదర్శి ముఖ్యంగా ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల ఇళ్ల కోసం. ఒకవైపు సముద్రపు ఉప్పుగాలి, మరోవైపు కొండల మీద నెలల తరబడి ముసురు. పొడి వాతావరణంలో ఉండేవాళ్లు చెప్పే సలహాలు ఇక్కడ సగమే పనిచేస్తాయి.

బీడు వేరు, రేకు వేరు

రెండింటినీ ఇనుమనే పిలుస్తాం కానీ గుణాలు వేరు. పోత ఇనుమును వర్క్‌షాపుల్లో బీడు అంటారు. కరిగించి ఇసక అచ్చుల్లో పోసి తీస్తారు. అందులో కార్బన్ 2 నుంచి 4 శాతం దాకా ఉంటుంది. ఆ కార్బన్ వల్లే అది గట్టిగానూ ఉంటుంది, పెళుసుగానూ ఉంటుంది. రాతి గచ్చు మీద పడితే సొట్ట పోదు, పగులుతుంది. రేకు మూకుడు, రేకు పెనం కార్బన్ స్టీలువి. కార్బన్ 1 శాతం లోపే, మిగతా అంతా దాదాపు ఇనుమే. రేకును నొక్కిగానీ, కొలిమిలో కాల్చి సుత్తితో సాగగొట్టిగానీ చేస్తారు. కిందపడితే సొట్ట పోతుంది తప్ప పగలదు.

ఇనుము వేడిని బాగా పాకిస్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి సత్తు (అల్యూమినియం) గిన్నెతో పోలిస్తే బీడు వేడిని పాకించేది సుమారు నాలుగో వంతు. పొయ్యి మంట తగిలిన చోట ముందు కాలుతుంది, అంచులు ఆలస్యంగా అందుకుంటాయి. దాని గొప్పతనం వేరు. మందం, బరువు ఉండటం వల్ల ఒకసారి కాగిందంటే ఆ వేడిని వదలదు. చల్లటి పిండి పోసినా పెనం చల్లారిపోదు. అట్టు అంచు కరకరలాడటం, దిబ్బరొట్టెకు అడుగున ఎర్రటి చెక్కు కట్టడం ఈ గుణం వల్లే. రేకు మూకుడు పలచన కాబట్టి త్వరగా కాగుతుంది, మంట తగ్గిస్తే త్వరగా మాట వింటుంది. వేపుళ్లకు అది కావాలి.

కాబట్టి దిబ్బరొట్టె, అట్లు, ఒడియా వాళ్ల మందపు అట్టు చకులి పిఠా, సన్నటి సెగ మీద కాల్చే పోడ పిఠా, గుంట పొంగనాలకు బీడు. బెండకాయ వేపుడు, చేపల వేపుడు, పోపులు, చపాతీలకు రేకు. ఒక్కటే కొనగలిగితే 30 సెంటీమీటర్ల బీడు పెనం కొనండి. రెండోది కొనేటప్పుడు రేకు మూకుడు చూడండి.

కొనేటప్పుడు చేతితో, చెవితో చూడాల్సినవి

30 సెంటీమీటర్ల చదును పెనం 4 మిల్లీమీటర్ల మందం బీడుదైతే ఇంచుమించు 2 కిలోలు తూగుతుంది. అదే వెడల్పు రేకు పెనం 2 మిల్లీమీటర్లదైతే 1.1 కిలో, 3 మిల్లీమీటర్లదైతే 1.65 కిలో. పిడి బరువు వీటికి అదనం. కొట్లో తూకం ఉంటుంది కాబట్టి వేసి చూడండి. అట్ల పెనం బీడుదై ఒకటిన్నర కిలో కూడా తూగకపోతే అది పలచన, మధ్యలో మాడుస్తుంది. రేకు పెనం 2 మిల్లీమీటర్ల కంటే పలచనైతే నాలుగు రోజుల్లో అడుగు ఉబ్బుతుంది, నూనె అంచులకు జారిపోతుంది.

బీడు సామానును పిడి పట్టుకుని వేలాడదీసి, చెక్క గరిటె కాడతో అంచు మీద తట్టండి. గంటలా సాగే మోత రావాలి. మొద్దుగా చప్పుడొచ్చి ఆగిపోతే ఎక్కడో సన్నటి చీలిక ఉండొచ్చు. లోపలి తలం మీద వేలితో రుద్ది చూడండి. ఇసక గరుకు ఉంటే ఫరవాలేదు, వాడుకలో నునుపెక్కుతుంది. సూది గుచ్చినట్టు గుంటలుంటే వద్దు. వాటిలో నీరు నిలిచి తుప్పు అక్కడే మొదలవుతుంది. పెనాన్ని చదునైన నాపరాయి మీద పెట్టి అంచు నొక్కండి, ఊగకూడదు. ఇండక్షన్ పొయ్యి ఉన్నవాళ్లు ఈ పరీక్ష మానకండి.

సంతల్లోనూ పాత బజారుల్లోనూ ‘లుహా కడేఇ’ (ఒడియాలో ఇనప మూకుడు) అని అడిగితే చూపించేది ఎక్కువగా రేకు మూకుడే. మెరుస్తూ నల్లగా ఉంటే గోటితో గీరి చూడండి. పెచ్చుగా లేస్తే అది రంగు, వంటకు పనికిరాదు. తెల్లగుడ్డతో తుడిస్తే నల్లటి జిడ్డు అంటితే అది తుప్పు పట్టకుండా రాసిన మెషిన్ నూనె. దాన్ని కడిగేయొచ్చు, భయం లేదు. రంగు లేని, బూడిద రంగులో మందంగా మెరిసే మూకుడు అన్నిటికంటే మేలు.

మొదటి కడుగు

‘ప్రీ సీజన్డ్’ (ముందే నూనె పట్టించినది) అని డబ్బా మీద రాసి ఉన్న బీడు సామానుకు ఈ భాగం అక్కర్లేదు. వేణ్ణీళ్లతో కడిగి, ఆరబెట్టి, నూనె పట్టించడానికి వెళ్లిపోండి. దాన్ని గంజిలో నానబెడితే ఫ్యాక్టరీ వేసిన పొర కూడా పోతుంది.

ముడి బీడుకు గంజి పద్ధతి మంచిది. వార్చిన గంజి సామాను నిండా పోసి ఒక రాత్రి ఉంచండి. తెల్లారి పారబోసి, కొబ్బరి పీచుతో తోమి, కొత్త గంజి పోయండి. మూడు రోజులు చాలు. గంజి పులిసి కొద్దిగా ఆమ్లమవుతుంది, అచ్చు ఇసకా నల్లపొడీ దానితో వదులుతాయి. అది చేసేది శుభ్రం వరకే. ‘వారం రోజులు గంజి పోస్తే పెనం తయారైపోతుంది’ అనే మాట నమ్మి నూనె పట్టించకుండా అట్టు పోస్తే అది లేవదు. రేకు సామాను ఒక రాత్రికి మించి గంజిలో ఉంచకండి, ఎర్రబడుతుంది.

మెషిన్ నూనె, మైనం పూత ఉన్న రేకు సామానుకు లీటరు నీటికి రెండు పెద్ద చెంచాల చాకలి సోడా వేసి, మూకుడులోనే ఇరవై నిమిషాలు సన్నగా మరగనివ్వండి. పారబోసి సబ్బు, పీచుతో రెండుసార్లు తోమండి. తెల్లగుడ్డ తెల్లగానే వచ్చేదాకా తోమాలి. చాకలి సోడాను సత్తు గిన్నెలకు మాత్రం తగలనివ్వకండి, అల్యూమినియంను తినేస్తుంది.

కడిగిన వెంటనే పొయ్యి మీద పెట్టి ఆరబెట్టాలి. గుడ్డతో తుడిచి వదిలేస్తే గంజాం తీరం గాలికి పావుగంటలో నారింజ రంగు పొడి లేస్తుంది.

రేకు పెనానికి ఇంకో మెట్టుంది. కడిగి ఆరినదాన్ని నూనె లేకుండా పెద్ద మంట మీద కాల్చండి. బూడిద రంగు గడ్డిరంగుకు, తర్వాత గోధుమ రంగుకు, ఊదాకు, చివరికి నీలానికి తిరుగుతుంది. నీలం వచ్చేసరికి పెనం దాదాపు 300 డిగ్రీలకు చేరినట్టు. ఆ రంగు పలచటి ఆక్సైడ్ పొర. దాని మీద నూనె బాగా పట్టుకుంటుంది, తుప్పు ఆలస్యమవుతుంది. పెనాన్ని తిప్పుతూ అంచుల దాకా రంగు తిరగనివ్వండి. బీడుకు ఈ పని చేయకండి. ఒకే చోట అంత మంట తగిలితే చిట్లుతుంది.

ఏ నూనె

నూనె పట్టించడమంటే నూనెను ఇనుములోకి ఇంకించడం కాదు. పలచగా రాసిన నూనె గట్టి వేడికి గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి, కణాలు ఒకదానికొకటి అల్లుకుని, గట్టి పొరగా మారుతుంది. శాస్త్రంలో దీన్ని పాలిమరైజేషన్ అంటారు. అసంతృప్త కొవ్వులు ఎక్కువున్న నూనెలే ఇలా అల్లుకుంటాయి. నెయ్యి, కొబ్బరినూనె, ఇప్పనూనెల్లో సంతృప్త కొవ్వు ఎక్కువ, అవి సరిగా గట్టిపడవు. ఆముదం తుప్పును ఆపుతుంది, అందుకే పాతకాలం నుంచి దాచే సామానుకు రాస్తున్నారు. పొర కట్టడానికి మాత్రం పనికిరాదు, నెలైనా బంకగానే ఉంటుంది.

పొద్దుతిరుగుడు నూనె అన్ని ఊళ్లలో దొరుకుతుంది, బాగా పనిచేస్తుంది. తవుడు నూనె, వేరుశనగ నూనె కూడా సరిపోతాయి. కొరాపుట్ వైపు వాళ్లకు ఇంకా మంచిది ఇంటి పక్కనే ఉంది. కొండ వాలుల్లో పసుపు పూలతో కనబడే వలిసెల నూనె, అంటే వెర్రినువ్వుల నూనె. లినోలిక్ ఆమ్లం అనే అసంతృప్త కొవ్వు అందులో చాలా ఎక్కువ, త్వరగా పొర కడుతుంది. కొనేటప్పుడు ఒక జాగ్రత్త. కొరాపుట్‌లో ‘అలసి’ అంటే వలిసెలు. హిందీ మాట్లాడే కొట్టువాడు ‘అల్సీ’ అంటే అవిసెలు. గింజ చూసి అడగండి. వలిసె గింజ సన్నగా, నల్లగా, పొడవుగా ఉంటుంది. అవిసె గింజ గోధుమ రంగులో చదునుగా మెరుస్తుంది.

అవిసె నూనె అద్దంలా పొర కడుతుందని వీడియోల్లో తెగ మెచ్చుకుంటారు. కడుతుంది, నిజమే. కానీ ఆ పొర పెళుసు. రోజూ అట్లకాడ గీసే పెనం మీద కొన్ని నెలల్లో పెచ్చులుగా లేస్తుంది. రోజువారీ పెనానికి మా సలహా పొద్దుతిరుగుడు లేదా వలిసె నూనె.

నూనె పట్టించడం

కావలసినవి: అర చెంచా నూనె, పాత నూలు పంచె ముక్కలు మూడు, పట్టకారు. సింథటిక్ గుడ్డ వద్దు, కరిగి అంటుకుంటుంది. కిటికీలు తెరవండి, పొగ వస్తుంది.

1. పెనాన్ని సన్నమంట మీద ఐదు నిమిషాలు వేడి చేయండి. చెయ్యి పెట్టలేనంత వేడి ఉండాలి, పొగ రాకూడదు. గరుకుల్లో మిగిలిన తడి దీనితో పోతుంది.

2. మంట ఆపి, అర చెంచా నూనె వేసి లోపల, బయట, అంచు, పిడి అంతా రాయండి. 30 సెంటీమీటర్ల పెనానికి అర చెంచా చాలు. నిజానికి అదీ ఎక్కువే.

3. ఇప్పుడు రెండో గుడ్డ తీసుకుని, పొరపాటున నూనె రాశాం, మొత్తం తుడిచేయాలి అన్నట్టుగా తుడవండి. పెనం ఎండిపోయినట్టు కనబడాలి, తడి మెరుపు ఉండకూడదు. అందరూ తప్పే మెట్టు ఇదే. ‘నూనె బాగా పట్టాలి’ అని వదిలేసిన నూనె గట్టిపడదు, చుక్కలుగా, బంకగా మిగులుతుంది.

4. మళ్లీ మంట పెట్టండి, మధ్యస్థంగా. సన్నటి పొగ మొదలయ్యాక పది పన్నెండు నిమిషాలు ఉంచండి. పొయ్యి మంట మధ్యలోనే తగులుతుంది కాబట్టి రెండేసి నిమిషాలకు పెనాన్ని జరుపుతూ నాలుగు అంచులకూ వేడి అందించండి. పొగ తగ్గిపోతే ఆ పొర అయినట్టే.

5. ఆపి, దానంతట అదే చల్లారనివ్వండి. పావుగంట తర్వాత, వెచ్చగా ఉండగానే, రెండో మెట్టు నుంచి మళ్లీ మొదలు. బీడుకు నాలుగు సార్లు, నీలం చేసిన రేకుకు రెండు సార్లు.

పెద్ద ఓవెన్ ఉంటే పని తేలిక. మూడో మెట్టు దాకా ఇలాగే చేసి, 230 డిగ్రీల వేడిలో పెనాన్ని బోర్లా పెట్టి గంటసేపు ఉంచి, ఓవెన్‌లోనే చల్లారనివ్వండి. బోర్లా ఎందుకంటే ఎక్కువైన నూనె అడుగున గుంట కట్టకుండా కారిపోవడానికి. కట్టెల పొయ్యి వాళ్లు మంట మీద కాక, బాగా కణకణలాడే నిప్పుల మీద చేయాలి. పెనాన్ని నిప్పుల్లో పూడ్చి ఎర్రగా కాల్చకండి. ఎర్రబడిన బీడు వంకర పోతుంది, పైన గరుకుగా లేచిన పెళ్లల మీద ఇక నూనె నిలవదు.

పని అయ్యాక నూనె గుడ్డలను ఉండచుట్టి మూల పడేయకండి. అవిసె, వలిసె వంటి ఆరే నూనెలు గాలికి తమంతట తామే వేడెక్కుతాయి, కుప్పగా ఉంటే నిప్పంటుకోవడం కూడా జరుగుతుంది. నీళ్లలో తడిపి, పరిచి ఆరబెట్టి పారేయండి.

మూడు నాలుగు పొరల తర్వాత పెనం చాక్లెట్ రంగులో, అక్కడక్కడ చారలతో ఉంటుంది. నల్లగా మెరవలేదని దిగులు పడకండి. నలుపు వంటతో వస్తుంది.

మొదటి నెల

కొత్త మూకుడులో మొదటి మూడు నాలుగు వంటలు నూనె వంటలు కావాలి. గారెలు, బూరెలు, పూరీలు చేస్తే మూకుడు త్వరగా అదునుకు వస్తుంది. తర్వాత బెండకాయ, ఆలుగడ్డ, కాకరకాయ వేపుళ్లు. నెల దాకా టమాటా, చింతపండు, పెరుగు, నిమ్మరసం దరికి రానివ్వకండి.

అట్ల పెనాన్ని మొదటిసారి పొయ్యి మీద పెట్టినప్పుడు సగానికి కోసిన ఉల్లిపాయను ఫోర్కుకు గుచ్చి, నూనెలో ముంచి, పెనమంతా రుద్దండి. మొదటి రెండు అట్లూ మందంగా, నూనె ఎక్కువ వేసి పోయండి. అవి పెనానికే, తినడానికి కాదు. మూడోదాన్నుంచి పలచగా తిప్పొచ్చు. చకులి పిండి అట్ల పిండి కంటే చిక్కన కాబట్టి కొత్త పెనానికి చకులితో మొదలుపెట్టడం ఇంకా నయం, మందపు అట్టు తేలిగ్గా లేస్తుంది.

దిబ్బరొట్టెకు ఒక కప్పు మినప్పప్పు, రెండు కప్పుల బియ్యపు రవ్వ, గట్టి పిండి. బీడు మూకుడు అడుగున రెండు చెంచాల నూనె కాగాక రెండంగుళాల మందం పోసి, మూత పెట్టి, సన్నటి మంట మీద ఇరవై అయిదు నిమిషాలు. మధ్యలో అట్లకాడ దూర్చకండి. చెక్కు కట్టాక రొట్టె తనే వదులుతుంది. ముందే కెలికితే సగం మూకుడుకే అంటుకుంటుంది.

అట్ల పెనం మీద చపాతీలు కాల్చకండి. ఎండు వేడికి నూనె పొర మాడి పొడవుతుంది, పొడిపిండి గరుకుల్లో చేరి మాడుతుంది, మర్నాడు అట్టు లేవదు. చపాతీకి వేరే రేకు పెనం పెట్టుకోండి, అది ఖరీదైనదే కానక్కర్లేదు.

వేడి, కడుగు, తుడుపు

బీడును సన్నమంట మీద నాలుగైదు నిమిషాలు కాగనిచ్చి అప్పుడు మంట పెంచండి. ఒకేసారి పెద్ద మంట పెడితే మధ్య భాగం వ్యాకోచించి, అంచులు చల్లగా ఉండి, ఆ ఒత్తిడికి పగులు వస్తుంది. ఇండక్షన్ మీద ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ, కాయిల్ ఉన్నంత మేరే వేడెక్కుతుంది. అక్కడ తక్కువ అంకెతోనే మొదలుపెట్టండి. పెనాన్ని గాజు మీద ఈడ్చకండి, ఎత్తి పెట్టండి.

అట్టుకు వేడి సరిపోయిందో లేదో నీటి చుక్కలతో తెలుస్తుంది. చిలకరిస్తే చుయ్‌మని రెండు సెకన్లలో ఆరిపోతే సరి. చుక్కలు ముత్యాల్లా దొర్లితే పెనం మరీ కాగింది. పిండి తిప్పుతుంటే గరిటెకు చుట్టుకుని లేచి వస్తుంది. మంట తగ్గించి, ఉల్లిపాయతోనో తడి గుడ్డతోనో ఒకసారి తుడవండి. చుక్కలు కదలకుండా సన్నగా ఉడుకుతూ ఉంటే ఇంకా కాగాలి, ఇప్పుడు పోస్తే అంటుకుంటుంది. కాగిన పెనం మీద చెంబుతో నీళ్లు పోయడం మాత్రం ఎప్పుడూ వద్దు.

వంటయ్యాక, వెచ్చగా ఉండగానే వేణ్ణీళ్లు, కొబ్బరి పీచుతో కడగండి. సబ్బు అసలు తగలకూడదనే మాట క్షారం ఎక్కువున్న పాత సబ్బుల కాలానిది. ఇప్పటి గిన్నెల సబ్బు కొంచెం వాడితే గట్టిపడిన పొరకేమీ కాదు. చేపలు వేయించిన మూకుడును సబ్బుతోనే కడగాలి. పొరను పాడుచేసేది సబ్బు కాదు, నానబెట్టడం. రాత్రంతా సింకులో నీళ్లలో వదిలేసిన పెనం తెల్లారేసరికి ఎర్రగా ఉంటుంది. ఏదైనా మాడి అంటుకుంటే గ్లాసు నీళ్లు పోసి మరిగించి, చెక్క గరిటెతో గీకండి. లేదా పిడికెడు రాళ్లుప్పు వేసి పొడిగుడ్డతో రుద్దండి.

కడగగానే పొయ్యి మీద రెండు నిమిషాలు ఆరబెట్టి, నాలుగు చుక్కల నూనె రాసి, మళ్లీ తుడిచేసి పెట్టండి. కట్టెల పొయ్యి మీద వండేవాళ్లు మూకుడు బయట పలచగా మట్టి పూసి పెడితే, మసి ఆ పూతతోపాటే నీళ్లకు ఊడి వస్తుంది.

పులుపు, నలుపు, ఒంటికి చేరే ఇనుము

పులుపు నూనె పొరను కరిగించి ఇనుమును బయటికి లాగుతుంది. పులుసు ఇనప మూకుడులో కాస్తే రంగు నల్లబడుతుంది, నాలుకకు లోహపు రుచి తగులుతుంది. బాగా అదునుకొచ్చిన మూకుడులో టమాటా పది నిమిషాలు మగ్గితే ఏమీ కాదు. చింతపండు పులుసులు మట్టి దాకలోనో స్టీలులోనో కాయడమే మంచిది. వండింది ఏదైనా వెంటనే వేరే గిన్నెలోకి తీసేయాలి.

అరటికాయ, అరటిపువ్వు, ఉసిరికాయ పులుపుతో సంబంధం లేకుండా కూడా నల్లబడతాయి. వాటిలోని టానిన్ అనే వగరు పదార్థం ఇనుముతో కలిసి సిరా రంగు పుడుతుంది. పాతకాలపు రాత సిరా తయారీ వెనకున్నదీ ఈ కలయికే. హాని లేదు, కానీ కూర చూడ్డానికి బాగుండదు.

ఇనప సామానులో వండితే ఆహారంలో ఇనుము పెరుగుతుందనేది పరీక్షించి తేల్చిన విషయం. ఇతియోపియాలో పిల్లల మీద చేసిన పరిశోధన 1999లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఇనప పాత్రల్లో వండినది తిన్న పిల్లల్లో రక్తహీనత, అల్యూమినియం పాత్రల వాళ్లకంటే తగ్గింది. తడిగా, పుల్లగా, ఎక్కువసేపు ఉడికే వంటల్లో ఇనుము ఎక్కువ చేరుతుంది. అట్టులో చాలా తక్కువ. గర్భిణులకు ఆశా కార్యకర్త ఇచ్చే ఐరన్ మాత్రలకు మూకుడు ప్రత్యామ్నాయం కాదు, మాత్రలు మానకండి.

ఇక్కడ ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. మన జిల్లాల్లో సికిల్‌సెల్, థలసేమియా ఉన్న కుటుంబాలు ఉన్నాయి. తరచూ రక్తం ఎక్కించుకునేవాళ్ల ఒంట్లో ఇనుము పేరుకుపోతుంది, అది గుండెకూ కాలేయానికీ చేటు. ఇంట్లో అలాంటి రోగి ఉంటే ఇనప సామానులో వండే ముందు వైద్యుణ్ని అడగండి.

ముసురు, ఉప్పుగాలి, వరద తర్వాత తుప్పు

గోపాలపురం, ఇచ్ఛాపురం, ఛత్రపురం వైపు గాలిలో ఉండే ఉప్పు తేమను లాగి, తుప్పును తొందర పెడుతుంది. కొరాపుట్ కొండల్లో ఉప్పు లేకపోయినా జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఏదీ సరిగా ఆరదు. రెండు చోట్లా నియమం ఒకటే, వాడుకలో ఉన్న పెనం తుప్పు పట్టదు. మూడు నాలుగు రోజులకోసారైనా పొయ్యెక్కించండి. వాడనివాటికి నూనె రాసి, మేకుకు తగిలించండి. ఒకదాంట్లో ఒకటి పెట్టాల్సి వస్తే మధ్యలో పొడి నూలుగుడ్డ వేయండి. మూత బిగించి దాచకండి. వార్తాపత్రిక చుట్టకండి, అది తేమ పీల్చి పెనానికే అంటిస్తుంది. అల్మరాలో పొయ్యి బొగ్గు ముక్కలు నాలుగు ఉంచితే కొంత తేమ లాగుతాయి.

పైపైన నారింజ పొడి లేస్తే గాభరా అక్కర్లేదు. రాళ్లుప్పు, రెండు చుక్కల నూనె వేసి గుడ్డతో రుద్ది, కడిగి, ఆరబెట్టి, ఒక పొర నూనె పట్టిస్తే చాలు.

గట్టి తుప్పుకు చింతపండే మందు. రాయగడ జిల్లా అడవుల్లో దొరికే చింతపండుకు కొదవలేదు, ఈ పనికి నల్లబడ్డ పాతది చాలు. గుజ్జు చిక్కగా తీసి, గుప్పెడు రాళ్లుప్పు కలిపి, సామానంతా పట్టించి ఇరవై నిమిషాలు ఉంచండి. పులుపు తుప్పును కరిగిస్తుంది, ఉప్పు గరుకుగా రాస్తుంది. స్టీలు పీచుతోనో మెత్తటి ఇటుక పొడితోనో తోమండి. మిగిలితే మళ్లీ ఒకసారి. వెనిగర్ వాడేవాళ్లు సగానికి సగం నీళ్లు కలిపి, అరగంటకు మించకుండా ముంచండి. రాత్రంతా ఉంచితే తుప్పు అయ్యాక ఇనుమునే తినడం మొదలవుతుంది, తలం గరుకై గుంటలు పడుతుంది.

తుప్పు పోయాక లీటరు నీళ్లలో చెంచాడు వంటసోడా కలిపి కడగండి. మిగిలిన పులుపు విరగకపోతే ఆరేలోపే మళ్లీ ఎర్రబడుతుంది. వెంటనే పొయ్యి మీద ఆరబెట్టి, ఆ వేడి మీదే నూనె పట్టించడం మొదలుపెట్టాలి. రేపు చేద్దామంటే రేపటికి మళ్లీ తుప్పే.

2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాలపురం దగ్గర, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఇటు ఎన్నో వంటిళ్లు నీళ్లలో మునిగాయి. బురదలో రోజుల తరబడి ఉండి పొలుసులుగా తుప్పు లేచిన ఇనప సామానునూ పారేయనక్కర్లేదు. ముందు బురద కడిగి, చాకలి సోడాతో అరగంట మరిగించండి. పాత నూనె పొర, వరద నీటి మురికి రెండూ వదులుతాయి. తర్వాత చింతపండు, వంటసోడా, ఆరబెట్టడం, నాలుగు పొరల నూనె. పూత గీరుకుపోయిన నాన్‌స్టిక్‌కు ఈ అవకాశం లేదు.

ఎక్కడ తేడా వచ్చిందో గుర్తుపట్టడం

పెనం ముట్టుకుంటే బంకగా ఉందంటే నూనె ఎక్కువైంది, లేదా వేడి చాలలేదు. కొత్త నూనె రాయకుండా, ఖాళీ పెనాన్ని పొగ ఆగేదాకా మళ్లీ కాల్చండి. అప్పటికీ పోకపోతే చాకలి సోడాతో తీసేసి మొదటి నుంచి.

నల్లటి పెచ్చులు అట్టుకు అంటుతున్నాయంటే అది మాడిన తిండి పొర గానీ, మందంగా వేసిన నూనె పొర గానీ. లేచినంత మేరా ఉప్పుతో రుద్ది, ఆ భాగానికి రెండు పలచటి పొరలు వేయండి. పలచగా వేసినవి నాలుగు పొరలు, మందంగా వేసిన ఒక్క పొరకంటే ఎంతో గట్టివి.

అట్టు మధ్యలో మాత్రమే అంటుకుంటోందంటే బర్నర్ చిన్నది. పెనం మధ్య కాగిపోయి అక్కడి పొర కాలిపోయింది. పెద్ద బర్నర్ మీదికి మార్చండి, కాగబెట్టేటప్పుడు మంట తగ్గించి సమయం పెంచండి. అంచుల్లోనే అంటుకుంటే కాగడం చాల్లేదు.

చాలా రోజులకు తీసిన మూకుడు ముక్కవాసన కొడితే, రాసి దాచిన నూనె చెడింది. సబ్బుతో కడిగి, పొగ వచ్చేదాకా కాల్చి, తుడిస్తే పోతుంది.

రేకు పెనం అడుగు ఉబ్బితే చల్లారాక బోర్లించి, చెక్క దిమ్మ పెట్టి, మెల్లగా సుత్తితో కొట్టి చదును చేయొచ్చు. కమ్మరి ఉంటే కొలిమిలో కాల్చి సరిచేస్తాడు, పని నిమిషాల్లో అవుతుంది. పిడి రివెట్లు వదులైనా అక్కడే బిగిస్తారు.

బీడు పగిలితే మాత్రం వెల్డింగుకు తీసుకెళ్లకండి. బీడు వెల్డింగ్ కష్టం, అతుకు పక్కన మళ్లీ చిట్లుతుంది. పైగా ఆ రాడ్లలోని లోహాలు తిండికి తగలడం మంచిది కాదు. సన్నటి పగులే కదా అని వేపుడుకు వాడకండి. కాగిన నూనెతో ఉన్న మూకుడు పొయ్యి మీద రెండుగా విడిపోతే ఒళ్లు కాలుతుంది. తూకం వేయించి తుక్కుకు ఇచ్చేయండి. బీడును కరిగించి మళ్లీ పోత పోస్తారు.